ఒక్క జీతం

ఇంట్లో ‘మా కాలంల’ అన్న మాట వినపడగానే రాజమణి పొయ్యి మంట తగ్గించేది. ఆ మాట మొదలైందంటే భోజనం ఆలస్యమేనని ఆమెకు అనుభవం. వడ్డించిన అన్నం కంచంలో ఎండిపోతుంది, తండ్రీకొడుకుల చేతులు గాలిలో తిరుగుతాయి, చివరికి ఇద్దరూ ఒకేసారి “కూర సల్లగైంది, జర వేడి చెయ్యి” అంటారు. ముందే మంట తగ్గించి పెట్టుకుంటే రెండోసారి పొయ్యి వెలిగించే బాధ తప్పుతుంది.

ఆ శనివారం కూడా అంతే. రాజమణి భర్త కృపాకర్ కంచం ముందు కూర్చుని మొదలుపెట్టాడు. ఆయన నీళ్ళ డిపార్ట్‌మెంటులో వాల్వులు తిప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఛత్రినాక గల్లీలన్నిటికీ నీళ్ళు వదిలిన మనిషి. ఇంట్లో మాత్రం కుండలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచుకుని తాగి ఎరగడు.

“కిరాయికి పోతా అంటున్నవ్. ఎందుకు పోవాలె? మా కాలంల నేను సైకిల్ మీద పోయి డ్యూటీ చేసిన. ఒక్క జీతంతోని ఇల్లు కట్టిన, ఇద్దరు పిల్లల్ని సదివించిన. మీరిద్దరు సంపాయిస్తున్నరు, ఒక్క గోడన్న లేపిన్రా?”

కొడుకు ప్రేమ్‌రాజ్‌ది గచ్చిబౌలిలో కాంట్రాక్టు ఉద్యోగం. కోడలు స్వీటీ అటు వైపే ఒక రక్తపరీక్షల సెంటర్లో బిల్లులు కొడుతుంది. పొద్దున్నే పోయి రెండు బస్సులు మారి, మళ్ళీ పొద్దుగూకాక ఇల్లు చేరతారు. వాళ్ళ రెండేళ్ళ పాప బ్లెస్సీ రాజమణి చంకలోనే పెరుగుతోంది.

“డాడీ, మీరు జాగా కొన్న పైసలకు ఇప్పుడు జాగా సంగతి దేవుడెరుగు, అది చూపెట్టే బ్రోకర్ చాయ్ గూడ తాగడు,” అన్నాడు ప్రేమ్‌రాజ్. “మీకు పెన్షన్ ఉన్నది. నాకు వచ్చే నెల ఉద్యోగం ఉంటదో లేదో మా మేనేజర్‌కే తెల్వదు. ఎవరిది కష్టకాలం?”

“కష్టమంటే నీకేం తెలుసురా? చాయ్ గూడ ఫోన్ల నొక్కి తెప్పిచ్చుకుంటరు.”

ఇంటి ప్రార్థనకని వచ్చి, ఒళ్ళో మిక్చర్ ప్లేటు పెట్టుకుని కూర్చున్న పాస్టర్ గారు ఇదంతా సంతోషంగా వింటున్నారు. ప్లేటు ఖాళీ అయ్యాక చెయ్యి దులుపుకున్నారు.

“బ్రదర్, గింత మంచి వాదన నలుగురం వింటే ఏం లాభం? రేపు కాక మీది ఆదివారం యూత్ సండే. చర్చిల పోటీ పెడదాం. పెద్దల దిక్కు మీరు, పిల్లల దిక్కు ప్రేమ్. మరి గంట కొట్టి టైం చూసేటందుకు ఎవరన్న కావాలె.”

“మా ఆమెను కూసోబెట్టున్రి,” అన్నాడు కృపాకర్, చాలా ఉదారంగా. “ఆమెకు ఏ దాని మీద ఏ అభిప్రాయం ఉండదు.”

“అవును, మమ్మీ న్యూట్రల్,” అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మాట కలవడం అరుదు. కలిసింది కాబట్టి పాస్టర్ గారు అప్పటికప్పుడే ఖాయం చేసేశారు. రాజమణి కూర వేడిచేసి తెచ్చింది.

యూత్ సండే నాడు ఆమె తెల్లవారుజామునే చర్చికి వెళ్ళింది, గంట కొట్టడానికి కాదు, ఉల్లిగడ్డలు కోయడానికి. స్త్రీల సంఘం పెద్ద లలితమ్మ చర్చి వెనక రేకుల షెడ్డులో బగార అన్నానికి డేగిశాలు ఎక్కించింది. పోటీ ఎవరిదైనా భోజనం వాళ్ళదే. ఆరాధన అయ్యేసరికి రాజమణి చేతులు కడుక్కుని, పోని ఉల్లిగడ్డ వాసనతోనే లోపలికొచ్చి, ముందర వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చుంది. బల్ల మీద ఇత్తడి గంట. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. ఆ తర్వాత గంట కొట్టాలి. వంటింటి కిటికీలోంచి లలితమ్మ, ఇంకో నలుగురు గరిటెలతో సహా తొంగిచూస్తున్నారు.

కృపాకర్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ ఎవరు చేశారన్నది వేరే చెప్పనక్కర్లేదు. మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. “చలికాలం, వానకాలం అననీకి లేకుండె. కోడి కూయకముందు లేచి వాల్వు తిప్పిన. మోకాలి లోతు బురదల దిగిన. ఒక్క జీతం! ఒకే ఒక్క జీతంతోని ఇద్దరు పిల్లల్ని పెంచిన, ‘కృపా నిలయం’ కట్టిన!”

పెద్దలంతా చప్పట్లు కొట్టారు. రాజమణికి ఆ మాట అన్నంలో రాయిలా తగిలింది. ఈ మాట ఆమె కొత్తగా వింటున్నది కాదు. ఇంట్లో విన్నప్పుడు చేతిలో ఎప్పుడూ ఏదో పని ఉండేది, మాట అటు నుంచి ఇటు పోయేది. ఇప్పుడు చేతిలో పనిలేదు, గంట తప్ప. దాంతో మాట లోపలికి దిగింది. ఒక్క జీతమా? మరి పొద్దున్నే చీరకు పిన్ను పెట్టుకుని, టిఫిన్ డబ్బాలు సర్ది, పిల్లలిద్దరినీ చెరో చెయ్యి పట్టుకుని గల్లీ స్కూలుకు పోయి, ఏళ్ళ తరబడి ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడిచి అఆలు దిద్దించిన ఆవిడ ఎవరు? ‘మీ జీతం మీ పిల్లల ఫీజులో కట్ చేసుకుంటాం టీచర్, మీకు తెచ్చి కట్టే బాధ ఉండదు’ అన్నాడు స్కూలు సారు, ఏదో వరమిచ్చినట్టు. చేతికి రాని జీతం జీతమే కాదని కృపాకర్ లెక్క. ‘నువ్వు టైంపాస్‌కు పోతున్నవ్’ అని చుట్టాల ముందు నవ్వేవాడు. పిల్లలు ఆ స్కూలు దాటాక జీతం చేతికి రావడం మొదలైంది. అయితే అది చెయ్యి తాకి నేరుగా చిట్టీలోకి పోయేది. ఆ చిట్టీ ఎత్తిన పైసలే పైకప్పు అయ్యాయి. గోడలకు నీళ్ళు పట్టడం తన పని కాదని, ఇంటామె పనని చెప్పాడు మేస్త్రీ ఎల్లప్ప. పొద్దూ మాపూ, కూతురు భాగ్యశ్రీని వెంటేసుకుని, పైపు పట్టుకుని గోడలు తడిపింది. స్లాబు వేసిన రోజు కూలీలకూ చుట్టాలకూ వండి వండి, స్లాబు ఎట్లా వేస్తారో ఆమె చూడనే లేదు. ఇంటి మీద పేరు రాయించేటప్పుడు మాత్రం కృపాకర్ ఆమెను పిలిచి అడిగాడు, రంగు నీలమా, ఎరుపా అని.

టైం అయిపోయింది. కృపాకర్ ఇంకా బురదలోంచి పైకి రాలేదు. ఆమె చెయ్యి గంట మీద పడటం చూసి, కళ్ళతోనే ‘జర ఆగు’ అన్నాడు. ఆ చూపు రాజమణికి కొత్తది కాదు. పెళ్ళయిననాటి నుంచి ఆ చూపుకు ఆగుతూనే ఉంది. అలవాటుగా ఆగబోయి, కొట్టింది. టంగుమని మోగింది.

“ఇంకా అసలు మాట చెప్పనే లేదు!” అన్నాడు కృపాకర్.

“రూలు రూలే బ్రదర్,” అన్నారు పాస్టర్ గారు.

ఆయన వచ్చి కూర్చున్నాడు. మాట మధ్యలో ఆయన ఆగిపోవడం రాజమణి మొదటిసారి చూసింది. ఇంత సులువా అనుకుంది.

తర్వాత ప్రేమ్‌రాజ్. “మా కష్టం బురదలెక్క కనపడదు,” అని మొదలుపెట్టాడు. తెచ్చుకున్న ఉద్యోగం రాత్రికి రాత్రి ఫోన్‌లో మెసేజ్ పెట్టి తీసేస్తారన్నాడు. కిరాయి ఏటేటా పెరుగుతుంది, జీతం పెరగదన్నాడు. వాడు పిండిన బట్టలా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గడప మీద కూలబడే సాయంత్రాలు రాజమణికి తెలుసు. వాడు చెప్పేది నిజం. ఆయన బురద కూడా నిజమే. ఆ బురద ప్యాంట్లు ఉతికింది తనే కదా. ఇద్దరిదీ నిజమే కాబట్టే ఈ లొల్లి తెగదు.

“ఇంకో సంగతి,” అన్నాడు ప్రేమ్‌రాజ్, ధైర్యం తెచ్చుకుని. “మీ కాలంల మగవాళ్ళు ఇంటి పని ముట్టకపోయేది. మేం గట్ల గాదు. నేను, స్వీటీ అన్నిట్ల సమానం.”

యూత్ అంతా ఈలలు వేసింది. వెనక బెంచీలో స్వీటీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి చేతులు ఖాళీ లేవు. ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో పాప నోట్లోంచి ఎవరిదో చెప్పు లాగుతోంది. పిల్లల పక్షం నుంచి స్వీటీ కూడా మాట్లాడాల్సింది. అయితే పాపను ఎవరు చూస్తారు అన్న ప్రశ్న వచ్చింది, ఆ ప్రశ్న రాగానే ఆమె పేరు పోయింది. ‘సమానం’ అన్న మాటకు రాజమణికి గుర్తొచ్చింది, వాడు ఒక ఆదివారం అంట్లు తోమి, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. డెబ్బై మంది చూశారని సాయంత్రం దాకా చెప్పాడు. గిన్నెల అడుగులు తర్వాత ఆమే మళ్ళీ తోముకుంది.

“గందుకే మేం ఆఫీసు దగ్గరికి పోతున్నం,” అంటున్నాడు ప్రేమ్‌రాజ్. “పాపను క్రెష్‌ల ఏస్తే, ఆ ఫీజు, కిరాయి కలిపి ఒక జీతం నిండా పాయె. అందుకని మంచిగ ప్లాన్ చేసినం. మమ్మీ మాతోటి వస్తున్నది.”

రాజమణి గంట మీది నుంచి తలెత్తింది. ఈ కబురు ఆమెకూ అప్పుడే తెలిసింది.

కృపాకర్ మైకు లేకుండానే లేచాడు. “ఏడికొస్తది? ఎవర్నడిగి చెప్తున్నవ్?”

“డాడీ, మీ టైం అయిపోయింది.”

“నా టైం సంగతి తర్వాత. ఆమె మీతోటి వస్తే నాకెవరు వండుతరు? నా బీపీ గోళీలు ఎవరు ఇస్తరు?”

“మీకు పెన్షన్ వస్తది గద! వంటమనిషిని పెట్టుకోన్రి!”

“నీకు జీతం వస్తది గద! పిల్లకు ఆయమ్మను పెట్టుకో!”

“పెట్టుకుంటే ఎంతైతదో ఎరికేనా మీకు?”

“నీకెరికేనా, వంటకు, బట్టలకు, ఇల్లు ఊడ్చేతందుకు మనిషిని పెడితే ఎంతైతదో? నాకేడికెళ్ళి తేవాలె!”

“నాకు మాత్రం ఏడికెళ్ళి తేవాలె?”

రాజమణి చోట ఇంకో మనిషిని పెట్టుకునే స్తోమత ఇద్దరికీ లేదు. ఆ విషయం మీద తండ్రీకొడుకుల మాట మళ్ళీ కలిసింది, నిండు చర్చి సాక్షిగా. అంతా నవ్వుతున్నారు. ‘పెండ్లాం మొగని దిక్కే ఉండాలె’ అని పెద్దల బెంచీలూ, ‘నానమ్మ పాప దిక్కే’ అని పిల్లల బెంచీలూ అరుస్తున్నాయి. రాజమణికి కోపం రావలసింది. దానికంటే ముందు విచిత్రంగా నవ్వు పొడుచుకొచ్చింది. మా కాలం కష్టమా, మీ కాలం కష్టమా అని ఇన్నాళ్ళూ కొట్టుకున్నారు. తీరా చూస్తే రెండు కాలాలూ తన నెత్తి మీదే కూర్చున్నాయి.

ఆమె గంట కొట్టింది. ఎవరూ ఆగలేదు. రెండు చేతులతో పట్టుకుని, స్కూల్లో ఇంటి బెల్లు కొట్టినట్టు ఆపకుండా కొట్టింది. చర్చి మెల్లగా నిశ్శబ్దమైంది. బ్లెస్సీ కూడా చెప్పు వదిలేసి చూసింది.

“ఎవరి టైం అయిపోయిందమ్మా?” అన్నారు పాస్టర్ గారు.

“ఇద్దరిదీ,” అంది రాజమణి. నిలబడింది. “నాదొక చిన్న మాట ఉన్నది పాస్టర్ గారూ. చెప్పొచ్చా?”

“చెప్పమ్మా.”

“ప్రేమ్, పిల్లను చూసుకునేతందుకు ఇంటి మనిషి కావాలె నీకు. పొద్దంత ఖాళీగ ఉండాలె, పైసలు అడగొద్దు. అంతే గదా?”

“అంతే మమ్మీ,” అన్నాడు ప్రేమ్‌రాజ్, గెలిచానన్న నమ్మకంతో.

“అయితే మీ డాడీని తీస్కపో బిడ్డా.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. కృపాకర్ వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరు గలవాడు ఇంకెవరైనా ఉన్నారేమోనని.

“ఆయన రిటైరై వసారాల కుర్చీ అరగదీస్తున్నడు. ఒళ్ళు మంచిగున్నది, ఇప్పుడే విన్నరు గద గొంతు. ఇద్దరు పిల్లల్ని పెంచిన అని మీ అందరి ముందు చెప్పిండు. అనుభవం ఉన్న మనిషి. నేనైతే ఏం జేసిన? టైంపాస్ జేసిన.”

కిటికీలో గరిటెలు ఖంగుఖంగుమన్నాయి. లలితమ్మ “హల్లెలూయా!” అని అరిచింది. తర్వాత చర్చి నవ్వు ఆపడం పాస్టర్ గారి తరం కాలేదు.

“మరి వంట?” అన్నాడు కృపాకర్, ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క గడ్డిపోచను పట్టుకుంటున్నట్టు.

“వంట వాళ్ళిద్దరు చేస్తరు. సమానం అన్నడు గద.”

ప్రేమ్‌రాజ్ దిక్కులు చూశాడు. చూసి చూసి స్వీటీ దగ్గర ఆగాడు. ‘నువ్వన్నా ఒద్దని చెప్పు’ అన్న చూపు. స్వీటీ పాపను ఇంకో చంకలోకి మార్చుకుని లేచి నిలబడింది. రాజమణి గంటను గట్టిగా పట్టుకుంది. ఈ పిల్ల కాదంటే అంతా మళ్ళీ తన మీదికే వస్తుంది.

“నాకు ఓకే,” అంది స్వీటీ. “మామయ్యకు డైపర్ మార్చుడు నేను నేర్పిస్త.”

పాస్టర్ గారు కళ్ళు తుడుచుకుని, పోటీ సమానంగా ముగిసిందని ప్రకటించారు. ఆ మాట ఎవరూ వినలేదు.

భోజనాల దగ్గర రాజమణి మామూలుగా గరిటె అందుకోబోయింది. లలితమ్మ చేతిలోంచి లాక్కుంది. “కూసో నువ్వు,” అని మొదటి బంతిలో, పెద్ద మనుషుల వరసలో కూర్చోబెట్టి, పొగలు కక్కుతున్న బగార అన్నం పెట్టి, వెతికి వెతికి లెగ్ పీసు వేసింది. చర్చి భోజనం వేడిగా ఉన్నప్పుడు ఇంత రుచిగా ఉంటుందని రాజమణికి తెలియదు. ఎప్పుడూ డేగిశా అడుగు మాడుతో సరిపెట్టుకునేది.

ఇంటికొచ్చాక, సాయంత్రం చాయ్ గ్లాసు అందుకుంటూ అన్నాడు కృపాకర్. “అందరి ముందల నా ఇజ్జత్ తీసినవ్.”

“అందరి ముందలనే గద నన్ను పంచుకున్నరు,” అంది రాజమణి. “ఒక్కరన్న నన్ను అడిగిన్రా?”

ఆయన తెల్లారితే మర్చిపోతుందిలే అనుకున్నాడు. కానీ గల్లీ మర్చిపోనివ్వలేదు. పాలవాడు మల్లన్న “కొత్త డ్యూటీకి ఎప్పుడు పోతున్నవన్నా?” అని అడిగాడు. పక్కింటి షౌకత్ బీ గోడ మీది నుంచి తలపెట్టి, “భాయ్‌సాబ్ బచ్చీకు సంభాల్‌తే కతే? మాషాల్లా!” అని, అన్నగారు పాపను చూసుకుంటాడన్న కబురుకు మురిసి దీవించింది. పిల్లను చూసుకోవడం చేతకాదని ఒప్పుకుంటే ఇన్నాళ్ళ ‘మా కాలం’ అంతా కొట్టుకుపోతుంది. పోతే చాకిరీ. కృపాకర్ రెండు రోజులు ఆలోచించి పౌరుషాన్ని ఎంచుకున్నాడు. “పిల్లను చూసుడు ఏమంత కష్టం? మీరంత గొప్పగ చెప్పుకుంటరు గని,” అన్నాడు.

“గదే నేనంటున్న,” అంది రాజమణి, ఆయన లుంగీలు మడతపెట్టి సంచిలో సర్దుతూ. బీపీ గోళీల డబ్బా మాత్రం సర్దలేదు, ఆయన చేతికే ఇచ్చింది. “పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి. ఆదివారం అందరు రాన్రి, వండి పెడత. ఆదివారమే.”

కొత్త నెల మొదట్లో సామాను ఆటో కదిలింది. బ్లెస్సీ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. రాజమణి ఒక్క అడుగు ముందుకు వేసింది. ఆ అడుగు దగ్గరే ఆగింది. ముందు సీటులో కృపాకర్ ఫీడింగ్ బాటిళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని, ట్రాన్స్‌ఫరైన ఆఫీసర్‌లా నిటారుగా కూర్చున్నాడు.

సోమవారం పొద్దున్న అలవాటు ప్రకారం చీకటితోనే లేచింది. లేచాక ఎందుకు లేచిందో తెలియలేదు. పాప పాలు లేవు కాచడానికి, డబ్బాలు లేవు కట్టడానికి. మళ్ళీ పడుకుంది. తెల్లారాక చాయ్ పెట్టుకుని, చల్లారకముందే తాగింది. ఒక గిన్నె, ఒక గ్లాసు కడిగింది. పది దాటేసరికి ఇల్లంతా నెమ్మదించింది. ఫ్యాను వేసుకుని, గచ్చు మీద చీర కొంగు పరుచుకుని, పట్టపగలు వెల్లకిలా పడుకుంది. పైన తన చిట్టీ పైసల స్లాబు. కింద నుంచి ఇంత తీరిగ్గా ఆ స్లాబును ఆమె ఎప్పుడూ చూడలేదు. మంచిగానే వేశారు, అనుకుంది.

ఫోన్ మోగింది. అప్పటికి అది నాలుగోసారి. మొదటిసారి పాలు ఎంతసేపు కాగాలని, రెండోసారి డైపర్‌కు ముందేది వెనకేదని, మూడోసారి ఊరికే. ఈసారి మాట కంటే ముందు బ్లెస్సీ ఏడుపు వినపడింది. రాజమణి చప్పున లేచి కూర్చుంది. ఆ ఏడుపు ఏమిటో ఆమెకు తెలుసు.

“నిద్రొచ్చింది దానికి. భుజాన ఏసుకుని తిరుగున్రి. వీపు తట్టున్రి.”

“పొద్దటి సంది తిరుగుతనే ఉన్న! నడుము పడిపోయింది. తినదు, పండదు, కింద పెట్టనియ్యదు. ఏందే గిది?” కృపాకర్ రొప్పుతున్నాడు. “మా కాలంల పిల్లలు గిట్ల ఏడ్వకపోతుండె రాజమణీ!”

“ఏడ్చిన్రు,” అంది రాజమణి. “మీరు డ్యూటీల ఉంటిరి.”